చేను చదివే బడి



అద్దంకి ప్రాంతపు పిల్లల చేత అక్షరాలు దిద్దించి గతించిన బడిపంతుళ్లందరి స్మృతికి ఈ సభను అంకితం చేశారు. ఒక్కరి పేరు పెట్టకుండా అందరినీ కలిపి తలుచుకోవాలన్న నిర్ణయం నాకు ఎంతో ఉచితంగా తోచింది. వారిలో చాలామందికి విగ్రహాలు లేవు, ఫోటోలు కూడా మిగల్లేదు. పాత బడుల ఆవరణల్లో వారు నాటించిన వేపచెట్లు మాత్రం అక్కడక్కడా నిలిచి ఉన్నాయి. కొన్నిచోట్ల బడి వెనక ఒకప్పటి తోట జాడ, పూడిపోయిన నీళ్లతొట్టి, ముళ్లకంప మొలిచిన మడులు ఇంకా కనిపిస్తాయి. వారు చేసి, మన తరం వదిలేసిన ఒక పనిని గురించి ఈ సాయంత్రం మాట్లాడతాను. పిల్లల్ని గది దాటించి, చెట్టు కిందికో చేను గట్టుకో చెరువు ఒడ్డుకో తీసుకెళ్లి, చూపించి, చేయించి, రాయించే పని అది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పత్తీ మిరపా పండే ఈ నేలలో ఆరుబయటి తరగతిని వేడుకగానో విహారంగానో చూడటం పొరపాటు. తన చేలో ఏం జరుగుతోందో ఇంకొకరు చెబితే తప్ప తెలియని పరాధీనత నుంచి మనిషిని బయటపడేసే చదువు అది. ఆ చదువు లేనందుకు ఈ ప్రాంతం భారీ మూల్యమే చెల్లించింది. దాన్ని మళ్లీ తెరవాలంటే, అది ఎందుకు మూతపడిందో కూడా నిజాయితీగా చెప్పుకోవాలి.

అద్దంకి పేరు వినగానే చదువుకున్నవారికి పండరంగని శాసనం గుర్తుకొస్తుంది. క్రీ.శ. 848 నాటిదని పండితులు నిర్ణయించిన ఆ శాసనంలోని తరువోజను తెలుగు పద్యానికి తొలి సాక్ష్యాల్లో ఒకటిగా మనం గర్వంగా చెప్పుకుంటాం. పద్యం తరువాత వచ్చే వచనాన్ని అంతగా పట్టించుకోం. చాళుక్య సేనాని పండరంగడు ఆదిత్య భటారునికి ధర్మవరంలో ఇచ్చిన భూమి ఎంతో అక్కడ చెప్పారు. ఎనభై పుట్ల వడ్లు పట్టే నేల అన్నారు. విన్నవాడికి ఆ నేల ఎంతో తెలిసిపోతుందన్న నమ్మకం ఉంటే తప్ప రాతి మీద అలా చెక్కించరు. నేల కొలతను గింజతో చెప్పుకున్న ఆ జ్ఞానం అక్షరం వచ్చినవాడికీ రానివాడికీ ఉమ్మడి ఆస్తి.

ఆ తరువాతి శతాబ్దాల్లో ఆ ఉమ్మడితనం నిలవలేదు. ప్రోలయ వేమారెడ్డి అద్దంకిని రాజధాని చేసుకున్న పద్నాలుగో శతాబ్దంలో ఎర్రాప్రగడ వంటి మహాకవి ఇక్కడి కొలువును వెలిగించాడు. కావ్యం తాటాకుకెక్కింది, శాసనం రాతికెక్కింది. రేగడి ఎప్పుడు దున్నాలి, ఏ కార్తెలో ఏ విత్తనం వేయాలి, గుండ్లకమ్మ పొంగితే ఏ మడి మునుగుతుంది అన్న జ్ఞానం మాత్రం కాపుల, పాలేర్ల, గొర్రెల కాపరుల నోళ్లలోనే ఉండిపోయింది. బడి అక్షరం వైపు చేరింది, చేను ఇంకోవైపు మిగిలింది. మన చదువులో ఇప్పటికీ పూడని అగాధం అదే అనుకుంటాను.

దాన్ని పూడ్చాలన్న ఆలోచన ప్రభుత్వ కాగితం మీద స్పష్టంగా కనిపించేది 1904లో, వైస్రాయ్ కర్జన్ కాలపు విద్యావిధాన తీర్మానంలో. గ్రామ పాఠశాల వ్యవసాయాన్ని ఒక వృత్తిగా నేర్పనక్కర్లేదని ఆ తీర్మానం అంది. పిల్లల్ని పరిశీలించేవారిగా, ఆలోచించేవారిగా, చిన్నపాటి ప్రయోగమైనా చేసి చూసేవారిగా తయారు చేయాలని, భూస్వాములతోనూ ధాన్యం వ్యాపారులతోనూ లావాదేవీల్లో ఆ చదువు వారికి రక్షణ ఇవ్వాలని అంది. వలస ప్రభుత్వం తన ప్రయోజనాలు చూసుకోకుండా ఏదీ రాయలేదని మనకు తెలుసు. అయినా పరిశీలననూ లావాదేవీలో రక్షణనూ ఒకే వాక్యంలో కలిపిన ఆ చూపును నేను విలువైనదిగానే ఎంచుతాను. కంటితో చూసి నిర్ధారించుకోవడం నేర్చినవాణ్ని మోసం చేయడం కష్టం. తీర్మానం కాగితం మీదే ఉండిపోయింది. బడితోట కొన్నిచోట్ల మొలిచింది, చాలాచోట్ల తనిఖీ అధికారి వచ్చే రోజుకు మాత్రమే నీళ్లు పోయించుకుంది.

జాతీయోద్యమం ఈ ఆలోచనను తన చేతిలోకి తీసుకుంది. బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల చేతిపనికి చదువులో గౌరవస్థానం ఇచ్చింది. 1937 అక్టోబరులో వార్ధా సమావేశంలో గాంధీజీ నయీ తాలీమ్‌ను దేశం ముందు పెట్టారు, జాకిర్ హుస్సేన్ సంఘం దానికి పాఠ్యప్రణాళిక రూపమిచ్చింది. పత్తి ఏకుతూ లెక్కలు, మొక్క పెంచుతూ విజ్ఞానశాస్త్రం, ఊరి చెరువును చూస్తూ భూగోళం నేర్చుకోవాలన్నది ఆ పద్ధతి. స్వాతంత్ర్యం తరువాత బేసిక్ స్కూళ్ల పేరుతో అది కొంతకాలం నడిచింది, తరువాత సన్నగిల్లింది. నిధులు లేకనో, ఉపాధ్యాయులకు శిక్షణ చాలకనో అలా జరిగిందని సాధారణంగా చెబుతారు. అందులో నిజముంది. అంతకంటే లోతైన కారణం మరొకటి ఉంది.

1953లో ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం గ్రామ ప్రాథమిక పాఠశాలల్లో బడిని మూడు గంటలకు కుదించి, మిగిలిన పూట పిల్లలు తండ్రి చేసే పని నేర్చుకోవాలన్న పథకం తెచ్చింది. దాన్ని కులకసుబు విద్య అని జనం తిప్పికొట్టారు. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి కాగానే ఆ పథకం రద్దయింది. ఆ వ్యతిరేకత నూటికి నూరుపాళ్లు న్యాయమైనది. చాకలి బిడ్డ రేవుకూ మాదిగ బిడ్డ చెప్పులకూ తిరిగి వెళ్లాలని బడే చెబితే ఇక బడి దేనికి? కానీ ఆ గాయం వల్ల మరొకటి జరిగింది. పిల్లల్ని గది దాటించి మట్టి ముట్టించే ప్రతి ప్రయత్నమూ పేదింటి తల్లిదండ్రులకు అనుమానాస్పదమైపోయింది. ఎండలో మిరపకాయలు కోసి కూలి తెచ్చుకునే తల్లి, తన బిడ్డకు ఆ ఎండ తప్పాలనే బడికి పంపుతుంది. పంతులుగారు పిల్లల్ని చేలోకి తీసుకెళ్లారని వింటే ఆమెకు కడుపు రగులుతుంది. ఆరుబయటి తరగతిని పునరుద్ధరించాలనే మనలాంటివాళ్లం మొదట సమాధానం చెప్పుకోవాల్సింది ఆ తల్లికి.

ఆమెకు చెప్పవలసిన సమాధానం ఈ ప్రాంతపు చరిత్రలోనే ఉంది. 1970ల నుంచి గుంటూరు, ప్రకాశం రేగడి భూముల్లో పత్తి విస్తరించింది. 1980ల మొదట్లో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చాయి. కొట్టిన వెంటనే పురుగు రాలిపోతుంటే రైతు సంబరపడ్డాడు. ఆ మందు పచ్చపురుగుతోపాటు సాలీళ్లనూ అక్షింతల పురుగులనూ అల్లిక రెక్కల పురుగులనూ, అంటే చేనుకు కాపలా కాసే జీవులన్నిటినీ తుడిచిపెట్టింది. ఆకు అడుగున నక్కి ఉండే తెల్లదోమ మాత్రం తట్టుకుంది, శత్రువులు లేకపోయేసరికి లెక్కకు మించి పెరిగింది. అది రసం పీల్చి తేనెబంక విడిచింది, బంక మీద నల్లని బూజు పట్టింది, దూది అంటుకుపోయి అమ్ముడుపోకుండా అయింది. రైతు మళ్లీ మందు కొట్టాడు, మళ్లీ అప్పు తెచ్చాడు. 1987-88లో ఈ రెండు జిల్లాల్లో పదుల సంఖ్యలో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. తెలుగునాట రైతు ఆత్మహత్యలు తొలిసారిగా అందరి దృష్టికీ వచ్చింది అప్పుడే.

ఆ విషాదానికి విత్తనం, ధర, వడ్డీ, వాతావరణం అన్నీ కారణాలే. వాటిలో ఏ ఒక్కదాన్నీ తక్కువ చేయను. చదువుకు సంబంధించినంతవరకు మాత్రం ఒక ప్రశ్న అడగాలి. ఆ చేలల్లో నిలబడినవారిలో పదో తరగతి దాకా చదివినవాళ్లూ ఉన్నారు. ఆకు తిప్పి అడుగు భాగం చూడమని వాళ్లకు ఏ పాఠమైనా చెప్పిందా? జీవశాస్త్రం పుస్తకంలో కప్ప గుండెకు ఎన్ని గదులో చదివారు. తమ పత్తి మొక్క మీద తిరిగే మొసలి ఆకారపు నల్లని పురుగు అక్షింతల పురుగు పిల్ల అని, అది పేనుబంకను తిని మేలు చేస్తుందని తెలియక దానికీ మందు కొట్టారు. ఏ పురుగుకు ఏ మందో నిర్ణయించేది మందుల దుకాణం. ధాన్యం వ్యాపారి ముందు రైతుబిడ్డకు చదువు రక్షణ కావాలన్న మాట పుట్టి అప్పటికి ఎనభై ఏళ్లు దాటింది.

ప్రపంచంలో మరోచోట ఇదే ఆపద మరో పాఠానికి దారితీసింది. ఇండోనేషియాలో వరిని సుడిదోమ నాశనం చేస్తున్నప్పుడు, మందులే దోమను పెంచుతున్నాయని శాస్త్రవేత్తలు గుర్తించారు. 1986లో ఆ ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించింది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో అక్కడ రైతులకు పొలం గట్టునే బడి పెట్టారు. ఆ పద్ధతి ఆసియా అంతటా పాకింది. 1999 నుంచి 2004 దాకా ఐరోపా సమాజం సాయంతో పత్తి మీద ఆరు దేశాల్లో నడిచిన కార్యక్రమంలో మన రాష్ట్రమూ ఉంది. మనవాళ్లు దానికి పొలంబడి అని చక్కటి పేరు పెట్టుకున్నారు. వారానికొకసారి, విత్తనం నుంచి కోత దాకా, పాతిక ముప్ఫై మంది రైతులు చిన్న జట్లుగా చేలోకి దిగుతారు. మొక్కలు లెక్కపెడతారు, ఆకులు తిప్పి చూస్తారు, చెట్టు నీడకు వచ్చి పెద్ద చార్టు మీద మధ్యలో మొక్క బొమ్మ గీసి, ఒకవైపు మిత్రపురుగులు, ఒకవైపు శత్రుపురుగులు రాస్తారు. మందు కావాలో వద్దో అప్పుడు కలిసి తేల్చుకుంటారు. అరవై ఏళ్ల రైతు స్కెచ్‌పెన్ను పట్టుకుని సాలీడు బొమ్మ గీస్తాడు. ఆయన పదేళ్లప్పుడు చేయవలసిన పని అది. బడి చేయించని పనిని వ్యవసాయ శాఖ పెద్దవయసులో చేయించవలసి వచ్చింది.

ఇక్కడ కాస్త ఆగి ఒక ఆకును చూద్దాం. మిరప తోటలో ఆకుముడతలు రెండు రకాలు. అంచులు పైకి లేచి ఆకు దోనెలా అయితే దాన్ని పైముడత అంటారు, అది తామరపురుగుల పని. అంచులు కిందికి వంగి దోనె బోర్లించినట్టయితే అది కింది ముడత, తెల్లనల్లి పని. తామరపురుగు కీటకం, ఆరు కాళ్లది. నల్లి సాలీళ్ల వర్గంలోది, ఎనిమిది కాళ్లది. ఒకదానికి వాడే మందు రెండోదానికి చాలాసార్లు పనిచేయదు. పది రెట్లు పెద్దగా చూపించే చేతి భూతద్దంతో ఆరో తరగతి అమ్మాయి ఈ తేడాను అయిదు నిమిషాల్లో పట్టుకోగలదు. 2021లో మన మిరప తోటలను ముంచేసిన నల్ల తామరపురుగు పూలల్లో దూరుతుంది. ఒక తెల్ల కాగితం పట్టి పువ్వును మెల్లగా తట్టితే అవి నల్లని నలకల్లా కాగితం మీద రాలి పాకుతాయి. పూవుకు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, పది మొక్కల సగటు తీసి, వారం వారం గ్రాఫు గీస్తే అందులో జీవశాస్త్రమూ గణితమూ తెలుగు రాతా మూడూ ఉన్నాయి. ఆ గ్రాఫు చూసిన తండ్రి దుకాణం మెట్టెక్కేటప్పుడు అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది.

ఎండలో కూలికెళ్లే తల్లికి నేను చెప్పేది ఇదే. అమ్మా, చేలో నీ బిడ్డ పని చేయడు. కలుపు తీయడు, కాయ కోయడు, నీళ్లు మోయడు. చూస్తాడు, కొలుస్తాడు, అడుగుతాడు, రాస్తాడు. ఇన్నాళ్లూ చేనుకు నువ్వు చెమట ఇచ్చావు, దాన్ని గురించి మాట్లాడే అధికారం మాత్రం ఇంకెవరిదో అయింది. ఆ అధికారం నీ బిడ్డకు రావాలి. ఈ గీతను ఉపాధ్యాయులు ఒక్కరోజైనా దాటకూడదు. శ్రమను చదువుగా చెలామణి చేసిన రోజున ఆరుబయటి తరగతి మళ్లీ మూతపడుతుంది, మూతపడాలి కూడా.

ఇంకో మాట కూడా ఈ సభలో చెప్పకుండా ఉండలేను. ప్రకృతి అనగానే మనం అందరిదీ అనుకుంటాం. మనకు దూరం కాని కారంచేడులో 1985 జులైలో మంచినీళ్ల చెరువు దగ్గర గేదెలను కడుగుతుంటే మురికి చెరువులో పడుతోందని దళితులు అభ్యంతరం చెప్పారు. దానికి ప్రతీకారంగా జులై 17న ఆరుగురు మాదిగలను చంపేశారు. చెరువు గట్టున తరగతి పెట్టేటప్పుడు ఆ నీళ్లు ఎవరివి, ఈ రేవు ఎవరిది, ఆ గట్టు మీద ఎవరు నడవగలిగేవారు అన్నవీ పాఠంలో భాగమే. పక్షుల్ని లెక్కపెట్టించి ఈ ప్రశ్నల్ని వదిలేస్తే మన పరిశీలన అరకొర.

ఆరుబయటి తరగతికి ఆదర్శాల కోసం చాలా దూరం వెళ్లక్కర్లేదు. మదనపల్లె దగ్గర, రాళ్లగుట్టల మధ్య బీడుగా ఉన్న లోయలో 1926లో జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనతో రూపుదిద్దుకున్న రిషివ్యాలీలో దశాబ్దాలపాటు చెట్లు పెంచారు, పక్షులు వచ్చాయి, 1991లో ఆ లోయను పక్షుల రక్షిత ప్రదేశంగా ప్రకటించారు. అది వసతులున్న బడి, మన జిల్లా పరిషత్ హైస్కూలుకు అది కొలబద్ద కాలేదు. నాకు ఎక్కువ దగ్గరగా అనిపించేవి దాని చుట్టూ పల్లెల్లో వెలసిన చిన్న బడులు. రిషివ్యాలీలో పాఠాలు చెప్పిన డేవిడ్ హార్స్‌బరో 1972లో కోలారు జిల్లాలో నీల్‌బాగ్ అనే బడి పెట్టాడు. ఆయన దగ్గర తర్ఫీదైన రమ, పద్మనాభరావు దంపతులు రిషివ్యాలీ చుట్టుపక్కల ఏకోపాధ్యాయ పాఠశాలలు నడిపారు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, పిల్లవాడు తన వేగంతో తాను ముందుకు పోయేలా చేశారు. ఒక్క టీచరు, చెట్ల నీడ, ఊరి వస్తువులతోనే తయారైన బోధన సామగ్రి. అంతమాత్రం మనకూ సాధ్యమే.

ఆదేశాలకూ కొదవ లేదు. పర్యావరణాన్ని పాఠ్యాంశం చేయాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది, అమలు జరగకపోతే 2003లో మళ్లీ గట్టిగా చెప్పింది. ఫలితంగా మరో పాఠ్యపుస్తకం వచ్చింది. ప్రాజెక్టు వర్కు అంటే స్టేషనరీ దుకాణంలో పురుగుల చార్టు కొని, బొమ్మలు కత్తిరించి అతికించడంగా మారింది. పురుగు కిటికీ అవతలే ఉంది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య ఎప్పుడైనా పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేని చదువు ఉండాలంది. 2019 నవంబరు 14న ఒంగోలులోనే మొదలైన నాడు-నేడు పథకం బడులకు గోడలు, నీళ్లు, మరుగుదొడ్లు ఇచ్చింది, అది చాలా అవసరమైన పని. ఆ బాగుచేతలో ఆవరణ అంతా సిమెంటు పరిచిన చోట మాత్రం కొంత మట్టిని తిరిగి తెరవమని ప్రధానోపాధ్యాయుల్ని కోరుతున్నాను.

మన విద్యా సంవత్సరం పంటకాలంతో చక్కగా కలిసిపోతుంది. జూన్‌లో బడి తెరిచేటప్పటికి బీటలు వారిన రేగడి కనిపిస్తుంది. ఒక గాజుసీసాలో మట్టి, నీళ్లు కలిపి రెండు రోజులు కదపకుండా ఉంచితే ఇసుక, ఒండ్రు, బంకమన్ను పొరలు పొరలుగా తేరుకుంటాయి, బీట ఎందుకు పడిందో అక్కడే తెలుస్తుంది. వానాకాలంలో పత్తి, ఆగస్టు తరువాత మిరప నాట్లు, చలికాలంలో శింగరకొండ పక్క భవనాశి చెరువు, నీళ్లు తగ్గాక గుండ్లకమ్మ ఇసుక. నల్లమలలో పుట్టిన ఈ ఏరు కంభం చెరువును నింపి మనదాకా వస్తుంది. పై ఊళ్ల వానకూ మన ఒడ్డు నీటిమట్టానికీ సంబంధం కట్టడం ఎనిమిదో తరగతికి ఏడాది పొడుగునా సరిపోయే పని. ఫిబ్రవరి వచ్చేసరికి మిరప కోతలకు తల్లిదండ్రులతో వెళ్లే పిల్లల హాజరు పడిపోతుంది. చేను గురించి తరగతిలో అందరికంటే ఎక్కువ తెలిసింది వాళ్లకే. ఇన్నాళ్లూ వెనకబడ్డవాళ్లుగా లెక్కకట్టిన ఆ పిల్లలు ఆరుబయట వివరించేవాళ్లవుతారు. వాళ్లను బడిలో నిలబెట్టడానికి అది ఒక్కటే చాలదు, కానీ బడి తమదేనన్న ధైర్యం వాళ్లకు అక్కడే మొదలవుతుంది.

ఉపాధ్యాయుల ఇబ్బంది నాకు తెలుసు. సిలబస్ పూర్తి కావాలి, యాప్‌లో వివరాలు ఎక్కించాలి, పిల్లవాణ్ని తేలు కుడితే జవాబు చెప్పుకోవాలి. అందుకే ఈ పనిని ఒక్క మాస్టారి ఉత్సాహానికి వదిలేయకూడదు. ఆయన బదిలీ అయిన రోజున తోట ఎండిపోతుంది. వారానికి ఒక ఉదయం రెండు పీరియడ్లు టైమ్‌టేబుల్‌లోనే ఉండాలి, పిల్లల పరిశీలన పుస్తకానికి మార్కులుండాలి. బడికి ఒక పెద్ద రిజిస్టరు ఉండాలి. అందులో వాన ఎన్ని మిల్లీమీటర్లు కురిసిందో, మొదటి తెల్లదోమ ఏ తేదీన కనిపించిందో, చెరువుకు ఏ పక్షి ఎప్పుడు వచ్చిందో పిల్లలే రాయాలి. ఏటా వెళ్లే తరగతి వచ్చే తరగతికి దాన్ని అప్పగించాలి. పదేళ్ల రాత ఒకచోట చేరితే లాం వ్యవసాయ పరిశోధనా కేంద్రంలోని శాస్త్రవేత్తలు కూడా దాన్ని అడిగి చూస్తారు. పిల్లల్ని చేలోకి పంపేముందు మందు ఎప్పుడు కొట్టారో రైతును అడిగి తెలుసుకోవడం నియమం కావాలి. డబ్బాలు ముట్టుకోనివ్వకుండా, వాటి మీది ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాల అర్థం గోడ మీద బొమ్మ గీసి నేర్పాలి. ఎరుపు అత్యంత విషమని తెలిసిన పిల్లలు ఇంట్లో ఆ డబ్బా ఎక్కడుందో చూస్తారు.

ఈ సభలోని రైతులకు నా విన్నపం ఒక్కటే. బడి పక్కన పొలం ఉన్నవారు గట్టు వెంబడి అయిదు సెంట్లు పిల్లల కోసం మందు కొట్టకుండా వదలండి. పత్తి, మిరప మీ పద్ధతిలోనే వేయండి, నాలుగు బంతి మొక్కలు, రెండు ఆముదం మొక్కలు ఎరపంటగా కలపండి. దిగుబడి తగ్గితే ఆ లెక్క కూడా పిల్లలే వేసి రిజిస్టరులో రాస్తారు, మీ మిగతా చేను లెక్కతో పోల్చి చూస్తారు. నెలకొకసారి ఓ గంట గట్టు మీద కూర్చుని వాళ్లు అడిగేదానికి మీకు తెలిసింది చెప్పండి. ఈ జూన్‌లో బడులు తెరిచేలోగా ఏ బడికి ఏ చేను అన్నది ప్రధానోపాధ్యాయులూ మీరూ కూర్చుని తేల్చుకుంటే, తొలకరి దుక్కి నాటికే మొదటి తరగతి పెట్టుకోవచ్చు.